సంఘం మలచిన శరీరం: మార్సెల్ మోస్ వ్యాసంపై ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలోని సైన్సు గదిలో గోడకు వ్రేలాడే మానవ శరీర పటాన్ని చూడని విద్యార్థి ఉండడు. ఎముకలు, కండరాలు, రక్తనాళాలు అన్నీ అందులో ఎక్కడివక్కడ గుర్తించబడి ఉంటాయి. ఆ పటంలోని మనిషి ఏ ఊరివాడో, ఏ పని చేసి బ్రతుకుతాడో, రాత్రికి ఏమి తింటాడో మాత్రం పటం చెప్పదు. పాఠం చెప్పడానికి అట్టి పటం అవసరమే. కాని పదేండ్లు ఆ పటాన్నే చూచిన విద్యార్థి మనస్సులో ఒక అభిప్రాయం స్థిరపడుతుంది. శరీరమంటే ప్రకృతి తయారుచేసి ఇచ్చినదనీ, మనిషికి మనిషికి కనబడే తేడాలన్నీ వంశాన్ని బట్టి వచ్చినవేననీ అతడు అనుకుంటాడు. పిల్లవాడు పొట్టిగా ఉంటే "వాళ్ళ వంశమే అంత" అంటారు. స్త్రీకి రక్తం తక్కువైతే "ఆడవాళ్ళ ఒంటితీరు అంతే" అంటారు. నలభై ఏండ్లకే నడుము వంగితే "తలరాత" అంటారు. ఈ మూడు మాటలలోనూ సంఘం ప్రసక్తి ఎక్కడా లేదు.

ఈ అభిప్రాయాన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు మార్సెల్ మోస్ (1872-1950) ముఖ్యుడు. 1934లో పారిస్‌లోని మనస్తత్వ శాస్త్ర సంఘం ఎదుట ఆయన ఒక ప్రసంగం చేశాడు. తరువాత వ్యాసంగా అచ్చయిన ఆ ప్రసంగానికి "శరీర ప్రయోగ విధానాలు" అని పేరు పెట్టుకోవచ్చు. చిన్న వ్యాసమే అయినా మానవశాస్త్రంలో దాని ప్రభావం చాలా పెద్దది. దాదాపు తొంభై ఏండ్ల తరువాత కూడా విశ్వవిద్యాలయాలలో దానిని చదువుతూనే ఉన్నారు.

గొప్ప వ్యాసాన్ని పరీక్షించడానికి ఒక మంచి మార్గం, అది పుట్టిన చోటికి చాలా దూరంగా ఉన్న మనుష్యుల బ్రతుకుతో దానిని సరిపోల్చి చూడటం. పూర్వపు వరంగల్లు జిల్లాలో ఎక్కువ భాగంగా ఉండి, 2016 అక్టోబరులో వేరు జిల్లాలైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలు ఇట్టి పరీక్షకు బాగా తగినవి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పెంబర్తిలో ఇత్తడి రేకు కొట్టే పనివాడు, మిరపతోటలో వంగి కాయ ఏరే లంబాడా స్త్రీ, నేల అడుగున బొగ్గు తవ్వే కార్మికుడు ఇక్కడ ఒకరికొకరు ఒక పూట ప్రయాణం దూరంలోనే ఉన్నారు.

మోస్ చెప్పినదేమిటి?

మొదటి ప్రపంచ యుద్ధంలో మోస్ ఆంగ్ల సేనల వద్ద దుబాసీగా పనిచేశాడు. అక్కడ ఆయనకొక చిత్రమైన విషయం కనబడింది. ఆంగ్ల సైనికులు ఫ్రెంచి పారలతో కందకాలు తవ్వలేకపోయారు. చేతులు అవే, బలం అంతే, మట్టీ అదే. అయినా ఒక దళం స్థానంలోకి మరొక దళం వచ్చినప్పుడల్లా వేలకొద్దీ పారలు మార్చవలసి వచ్చింది. పార పట్టే తీరు చిన్ననాటి నుండి చేతికి అబ్బినది కాబట్టి మరొక తీరు పారకు ఆ చేయి లొంగలేదు.

మరొకసారి ఆయన న్యూయార్క్‌లో జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడి నర్సుల నడక ఎక్కడో చూచినట్లు తోచింది. ఆలోచించగా అది సినిమాలలో చూచిన నడక. తిరిగి పారిస్ వచ్చిన తరువాత అదే నడక అక్కడి యువతులలోనూ కనబడసాగింది. అమెరికా సినిమాలు సముద్రం దాటించిన నడక అది.

ఇట్టి దృష్టాంతాలనుండి మోస్ తీసిన సారాంశం సులభమైనది. నడవటం, ఈదటం, కూర్చోవటం, నిద్రించటం, చివరకు కనటం కూడా నేర్చుకొన్న పనులే. మనిషి చేతికి చిక్కిన మొట్టమొదటి పనిముట్టు అతని శరీరమే. ఆ పనిముట్టును వాడే తీరు ఒక్కొక్క సంఘంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. పిల్లలు తమకు గౌరవం గలవారిని, పనిలో నేర్పు గలవారిని చూచి అనుకరిస్తారు. ఆ అనుకరణ కొంతకాలానికి అలవాటై, అలవాటు స్వభావంవలె కనబడుతుంది. కాబట్టి మనిషిని సరిగా తెలుసుకోవాలంటే జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సంఘశాస్త్రం మూడూ కలిసి చూడాలని ఆయన వాదించాడు.

ఈ వాదం ఎంతవరకు నిలుస్తుంది?

ఎముకపై వ్రాసిన అలవాటు

మోస్ తన వ్యాసంలో గొంతుక్కూర్చోవటం గురించి ప్రత్యేకంగా చెప్పాడు. పిల్లలందరూ మడమలపై బరువు వేసి సునాయాసంగా కూర్చుంటారు. యూరపు పెద్దలు ఆ విద్యను మరచిపోయారు. యుద్ధకాలంలో ఆస్ట్రేలియా సైనికులు బురదలో సైతం మడమలపై కూర్చుని విశ్రాంతి తీసుకొంటుంటే తాను నిలబడి ఉండవలసి వచ్చిందని చెప్పి, దానిని తన నాగరికతలోని లోపంగా ఒప్పుకొన్నాడు.

అలవాటు కండరానికే పరిమితమా, లేక ఎముకపై కూడా గుర్తు వేస్తుందా? ఈ ప్రశ్నకు సమాధానం మోస్ కంటే నలభై ఏండ్లు ముందే భారతదేశంలో దొరికింది. లాహోరు వైద్య కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన హావలాక్ చార్లెస్ 1893-94లో పంజాబీల కాలి ఎముకలను పరిశీలించాడు. అంతర్జంఘిక క్రింది అంచుమీద, దానికి ఆనుకొనే చీలమండ ఎముక మెడమీద నున్నని చిన్న తావులు ఆయనకు కనబడ్డాయి. మనిషి గొంతుక్కూర్చున్నప్పుడు పాదం పూర్తిగా పైకి మడత పడి, ఈ రెండు ఎముకలు అక్కడ ఒకదానికొకటి తగులుతాయి. రోజూ గంటల తరబడి, ఏండ్ల తరబడి తగిలిన చోట అదనపు కీలుతలం నిలుస్తుంది. 1959లో ఇందర్‌బీర్ సింగ్ భారతీయుల ఎముకలపై ఇదే విషయాన్ని మరింత విపులంగా పరిశీలించాడు.

పెంబర్తి గ్రామంలో నేలమీద కూర్చుని ఇత్తడి రేకుపై సుత్తితో బొమ్మ తేల్చే పనివానికి, ముంగిట ముగ్గు వేసే గృహిణికి, పొయ్యి ముందు కూర్చునే ముసలమ్మకు ఈ భంగిమ సహజమే. సోఫాలు, బల్లలు, ఎత్తు పీటల మరుగుదొడ్లు వచ్చిన ఇండ్లలో అదే ఊరి యువకులకు అది కష్టమవుతున్నది. ఒకే వంశంలో తాత చేయగలిగినది మనుమడు చేయలేకపోతున్నాడంటే కారణం వంశం కాదని తెలుస్తూనే ఉన్నది. ఇంతవరకు మోస్ మాట నిలిచింది.

అయితే చార్లెస్ ఇక్కడితో ఆగలేదు. పసికందుల ఎముకలలో కూడా ఆ తావులు కనబడ్డాయి కాబట్టి, తండ్రి తాతల అలవాటు బిడ్డలకు సంక్రమిస్తున్నదని ఆయన ఊహించాడు. ఇది ఆర్జిత గుణాల అనువంశికత అనే పాత సిద్ధాంతం. ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడా ఇందులోని చిక్కును పట్టుకోగలడు. గర్భంలో శిశువు ఎట్లా ఉంటాడు? మోకాళ్ళు, పాదాలు ముడుచుకొనే ఉంటాడు. గొంతుక్కూర్చోవటం ఎరుగని యూరపు జనుల పిండాలలోనూ ఇట్టి తావులు ఉన్నట్లు తరువాతి పరిశీలనలు చూపినవి. అంటే ఈ సౌకర్యంతో ప్రతి శిశువూ పుడుతున్నాడు. ఏ సంఘం ఆ భంగిమను కొనసాగిస్తుందో అక్కడ ఆ గుర్తు నిలుస్తుంది. మానిన చోట చెదిరిపోతుంది. చార్లెస్ ఎముకను సరిగా చూచి, కారణాన్ని తప్పుగా చెప్పాడు. సంఘం చేసిన పనిని వంశానికి అంటగట్టడం శాస్త్రజ్ఞులకు కూడా ఎంత సులభమో దీనివల్ల తెలుస్తున్నది.

తాటిచెట్టు నేర్పిన పాదం

జనగామ ప్రాంతం మెట్టనేల. అక్కడి గట్లమీద, వాగుల వెంట తాటిచెట్లు విస్తారం. మొగలులను ఎదిరించిన సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్ ఈ జిల్లాలోనిదే. ఆయనది గీత వృత్తి కుటుంబమే. నడుముకు మోకు, పనిముట్లకు ముత్తాదు, పాదాలకు గుజి ధరించి గీత కార్మికుడు నిలువుగా ఉన్న చెట్టును ఎక్కే తీరు చూచినవారికి అతని పాదం వేరే విధంగా తయారైనదా అనిపిస్తుంది.

దీనికి దగ్గరి ప్రశ్నను 2013లో వివేక్ వెంకటరామన్, థామస్ క్రాఫ్ట్, నథానియల్ డామినీ అనే శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఆఫ్రికాలోని ఉగాండా దేశంలో ట్వా అనే అడవిజాతివారు తేనెకోసం పెద్ద చెట్లు ఎక్కుతారు. ఎక్కేటప్పుడు వారి పాదం ముంగాలివైపు 45 డిగ్రీలకు మించి మడత పడుతుంది. నగరవాసి కాలు అంత మడిస్తే దెబ్బతింటుంది. పరిశోధకులు చీలమండ ఎముకలలో తేడా వెతకగా చెప్పుకోదగినది దొరకలేదు. పిక్క కండరంలో దొరికింది. పొరుగున ఉండి వ్యవసాయం చేసే బకిగా జాతివారికంటే ట్వాల పిక్క కండర తంతువులు పొడుగుగా ఉన్నవి. చిన్ననాటి నుండి ఎక్కడం వల్ల ఆ కండరం సాగే గుణం పెంచుకొన్నదని వారి అభిప్రాయం.

మోస్‌కు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. కాని గీత కార్మికుని కథ పిక్కతో ముగియదు. ఈ విద్యను ఎవరు నేర్చుకొంటారు? తండ్రిని అనుకరించిన కొడుకు. ఆ కొడుకే ఎందుకు అనుకరించాలి? ఈ వృత్తి ఒక కులానికి తరతరాలుగా అంటిపెట్టబడి ఉన్నందువల్ల. చెట్టుమీదినుండి పడి నడుము విరిగినవారు, కాళ్ళు చచ్చుబడినవారు గీత కార్మికుల గ్రామాలలో అపురూపం కాదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో పడిపోకుండా కాపాడే మోకులు, పట్టీలు గల సామగ్రిని పంచడం ప్రారంభించింది. అదే చెట్టు ఒకని పిక్కకు నేర్పు ఇచ్చింది, మరొకని వెన్ను విరిచింది. మోస్ వ్యాసంలో మొదటి మనిషి ఉన్నాడు. రెండవవాడు లేడు.

ఇక్కడినుండి విమర్శ మొదలవుతుంది. మోస్ దృష్టిలో సంఘం ముఖ్యంగా ఒక గురువు. అది చూపిస్తుంది, శరీరం నేర్చుకొంటుంది. కాని సంఘం నేర్పడమే కాక నిర్బంధిస్తుంది, కడుపు మాడుస్తుంది, ఒక్కొక్కసారి శరీరాన్ని కోస్తుంది కూడా.

బొగ్గు నేర్పదు

భూపాలపల్లిలో సింగరేణి సంస్థ కాకతీయ ఖనులు ఉన్నవి. గనిలో దిగే కార్మికుడు పైకప్పు చప్పుడు వినడం, చీకటిలో అడుగు వేయడం, వంగి నడవడం నేర్చుకొంటాడు. ఇవన్నీ మోస్ చెప్పిన విద్యలే. అయితే గాలిలోని సన్నని బొగ్గుధూళి ఊపిరితిత్తులలో చేరడం ఎవరూ నేర్చుకొనేది కాదు. లోపలికి చేరిన ధూళిని శరీర రక్షక కణాలు మ్రింగుతాయి. జీర్ణించుకోలేవు. ఏండ్లు గడచేకొద్దీ ఆ చోట్ల మచ్చలు కట్టి ఊపిరితిత్తి బిగుసుకొంటుంది. దీని పేరు న్యూమోకోనియోసిస్. 1952 నాటి గనుల చట్టం క్రింద ఇది అధికారులకు తప్పక తెలియజేయవలసిన జబ్బులలో ఒకటిగా ఉండేది. ఇందులో అనుకరణ లేదు, గౌరవం లేదు. కూలి ఉన్నది, గాలి ప్రసారం ఎంత, నీరు చల్లడం ఎంత అన్న లెక్క ఉన్నది.

గనులనుండి మరొక పాఠం కూడా ఉన్నది. స్త్రీ శరీరం భూగర్భంలో పనికి తగదనే మాట చాలాకాలం ప్రకృతి నియమంవలె వినబడింది. చరిత్ర వేరే విధంగా చెబుతుంది. భారతదేశపు బొగ్గు గనులలో వేలాదిగా స్త్రీలు నేల అడుగున పనిచేశారు. 1929లో వచ్చిన నిబంధనలు వారిని క్రమంగా పైకి పంపినవి. 1952 చట్టం పూర్తిగా నిషేధించింది. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలలో స్త్రీలు పగటివేళ భూగర్భంలోకి దిగవచ్చునని చెప్పింది. తొంభై ఏండ్లలో స్త్రీ ఎముక, కండరం ఏమీ మారలేదు. మారినది చట్టం. ఆ నిషేధంలో స్త్రీలను ప్రమాదంనుండి కాపాడవలెనన్న సదుద్దేశం లేకపోలేదు. కాని ప్రమాదం గనిలో ఉంటే సరిచేయవలసినది గనిని కదా?

కంటికి కనబడే గుర్తు, కనబడని గుర్తు

మహబూబాబాదు జిల్లా జనాభాలో మూడవ వంతుకు పైగా గిరిజనులు. లంబాడా తండాలు, కోయ గూడేలు అక్కడ ఎక్కువ. సంస్కృతి శరీరంపై వేసే ముద్ర గురించి వ్రాసేవారు ఇట్టి చోట మొదట చూచేది పచ్చబొట్లను, మోచేతినుండి భుజం వరకు ఉండే గాజులను, వెండి నగలను. పచ్చబొట్టులో నిజంగానే ఆసక్తికరమైన శాస్త్రం ఉన్నది. సూదితో దింపిన రంగు అంతశ్చర్మంలోని స్థూలభక్షక కణాలలో నిలుస్తుంది. 2018లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన ప్రయోగంలో, పాత కణం చనిపోయినప్పుడు వదలిన రంగును క్రొత్త కణాలు పట్టుకొంటాయని తేలింది. రంగు మోసే కణాలు మారుతున్నా బొట్టు మాత్రం చెదరదు.

అయితే ఈ అందమైన గుర్తు దగ్గరే చూపు ఆగిపోతే పెద్ద గుర్తు తప్పిపోతుంది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఐదేండ్లలోపు పిల్లలలో అది 70 శాతం. అదే వయస్సు పిల్లలలో 33.1 శాతం మంది వయస్సుకు తగిన ఎత్తు పెరగక గిడసబారారు. హీమోగ్లోబిన్ తగ్గుదల పచ్చబొట్టువలె కంటికి కనబడదు. నాట్లు వేసేటప్పుడు, మిరపకాయలు ఏరేటప్పుడు త్వరగా వచ్చే ఆయాసంలో మాత్రమే అది బయటపడుతుంది.

ఈ గిడసబారడం నిజంగా చెడ్డదేనా? 1980 ప్రాంతంలో డేవిడ్ సెక్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త, తీవ్రంగా జబ్బుపడని పొట్టి పిల్లలు "చిన్నవారేకాని ఆరోగ్యవంతులే" అని ఒక వాదన లేవదీశాడు. తిండి తక్కువైన చోట శరీరం తన కొలతను తగ్గించుకొని సర్దుకొన్నదనీ, అందులో నష్టం లేదనీ దాని సారాంశం. సంఘం శరీరాన్ని మలుస్తుందన్న మాటను వీలైనంత సౌమ్యంగా చెప్పడం ఇది. ఆకలికి సర్దుబాటు అని పేరు పెడితే ఎవరిమీదా బాధ్యత మిగలదు.

ఈ వాదనను గట్టిగా ఎదుర్కొన్నవారు డాక్టర్ సి. గోపాలన్. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్న పరిశోధనాలయానికి ఆయన పూర్వ సంచాలకులు. పొట్టితనం ఆరోగ్యమేనన్న సూత్రాన్ని పేదల పిల్లలకే ఎందుకు వర్తింపజేస్తున్నారని ఆయన 1983లో సూటిగా అడిగారు. ఆ సంస్థలోనే కె. సత్యనారాయణ, ఆయన సహచరులు 1977లో, 1979లో ప్రకటించిన పరిశీలనలు ఈ విషయంలో విలువైనవి. కర్మాగారంలో ఒకే పని చేసే కార్మికులలో శరీర పరిమాణం ఎక్కువైనవారి ఉత్పత్తి ఎక్కువగా ఉన్నది. బాల్యంలో పోషణ లోపించిన గ్రామీణ బాలురు కౌమారంలో కూడా శరీర శ్రమ సామర్థ్యంలో వెనుకబడే ఉన్నారు.

వంశం సంగతి ఏమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారతదేశం, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో తల్లిపాలు త్రాగి, ఏ కొరతా లేకుండా పెరిగిన పిల్లలను కొలిచి 2006లో ఫలితాలు ప్రకటించింది. తొలి ఐదేండ్లలో ఆ ఆరు దేశాల పిల్లల ఎదుగుదల ఆశ్చర్యం కలిగించేటంత సమానంగా ఉన్నది. పెద్దయిన తరువాత ఒక్కొక్కరి ఎత్తులో వంశం పాత్ర చాలా ఉన్నమాట నిజం. కాని తండాలోని మూడేండ్ల బిడ్డ ఆరోగ్య కేంద్రం కొలబద్ద దగ్గర గీతకు దిగువన నిలిస్తే, వంశాన్ని తలచుకోవడానికి ముందు తల్లి తిన్న అన్నం, త్రాగిన నీరు, పెండ్లినాటి ఆమె వయస్సు అడగాలి.

పుట్టుక కూడా నేర్పినదేనా?

కనటం కూడా సంఘం నేర్పిన తీరులోనే జరుగుతుందని మోస్ చెబుతూ మాయాదేవి ఉదాహరణ ఇచ్చాడు. ఆమె కొమ్మ పట్టుకొని నిలబడి బుద్ధుని కన్నదని కథ. అమరావతి శిల్పాలలో ఆ దృశ్యాన్ని తెలుగువారు చూచే ఉంటారు. భారతదేశంలో చాలామంది స్త్రీలు ఇప్పటికీ అట్లాగే కంటారని మోస్ ఆ వెంటనే అన్నాడు. ఇది తొందరపాటు. పురాణ దృశ్యాన్ని ఆధారం చేసుకొని ఒక దేశపు స్త్రీలందరి గురించి మాట్లాడడం, తాను ఎదుర్కొంటున్న దోషాన్నే తాను చేయడం.

అయినా అసలు సూత్రం తెలంగాణలో ఆయన ఊహించని విధంగా ఋజువైంది. పై సర్వే కాలంలోనే రాష్ట్రంలో కాన్పులలో 60.7 శాతం శస్త్రచికిత్సతో జరిగినవి. దేశం మొత్తానికి ఆ సంఖ్య 21.5. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం. శస్త్రచికిత్సలు సుమారు పది శాతం దాటిన తరువాత తల్లీ బిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్న దాఖలాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. తెలంగాణ స్త్రీ కటివలయం పొరుగు రాష్ట్రపు స్త్రీ కటివలయం కంటే ఇరుకైనదని ఏ శరీర శాస్త్రమూ చెప్పదు. ఒకే రాష్ట్రంలో, ప్రభుత్వ ఆసుపత్రికి ప్రైవేటు ఆసుపత్రికి మధ్య ఉన్న తేడాను ప్రకృతి ఎట్లా వివరిస్తుంది?

కారణాలు సంఘంలోనే ఉన్నవి. నొప్పుల భయం, మొదటి కాన్పు కోతయితే రెండవదీ కోతేనన్న నమ్మకం, పన్నెండు గంటలు కనిపెట్టుకొని ఉండే నర్సులు, మంత్రసానులు కరవవడం, ఆసుపత్రి రాబడి, వీటన్నింటికి తోడు ముహూర్తం. మంచి నక్షత్రంలో బిడ్డ పుట్టాలని ఘడియ నిర్ణయించుకొని వచ్చే కుటుంబాల గురించి రాష్ట్ర ఆరోగ్య మంత్రులే బహిరంగంగా ప్రస్తావించారు. జాతకం పుట్టిన ఘడియను బట్టి వ్రాసేది. ఇప్పుడు జాతకాన్ని బట్టి పుట్టుక ఘడియ నిర్ణయమవుతున్నది!

దీని ఫలితం శరీరంలో మిగులుతుంది. నొప్పులు వచ్చినప్పుడు విడుదలయ్యే హార్మోనులు శిశువు ఊపిరితిత్తులలోని ద్రవం ఇంకిపోవడానికి తోడ్పడతాయి. నొప్పులు రాకముందే తీసిన బిడ్డలలో ఊపిరి ఇబ్బంది ఎక్కువ. తల్లి గర్భాశయంపై మచ్చ మిగులుతుంది. తరువాతి కాన్పులో మాయ ఆ మచ్చలోకి చొచ్చుకుపోయి ప్రాణాపాయమైన రక్తస్రావం కలిగించే ప్రమాదం కోతలు పెరిగినకొద్దీ పెరుగుతుంది. అవసరమైన చోట ఈ శస్త్రచికిత్స ప్రాణదాత అనడంలో సందేహం లేదు. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, గుండె చప్పుడు తగ్గినప్పుడు ఆలస్యం చేయడం నేరం. విమర్శ అవసరం లేని కోతకే. 2017 నుండి తెలంగాణలో కాన్పు చేయించడంలో నర్సులకు ప్రత్యేక శిక్షణ ఇస్తున్నారు. నేర్పితే వచ్చేది కాబట్టి, మరొక విధంగా నేర్పవచ్చునని ఆ ప్రయత్నం చెబుతున్నది. మోస్ వ్యాసానికి ఇదొక మంచి వ్యాఖ్య.

మితిమీరిన వాదం

శరీరమంతా సంఘం చేసినదే అనడం కూడా తప్పే. కొడవలి కణ రక్తహీనతకు కారణం హీమోగ్లోబిన్‌ను నిర్ణయించే జన్యువులో ఒక చిన్న మార్పు. గోండు, కోయ మొదలైన గిరిజనులలో ఈ జన్యువు ఉన్నది. తల్లిదండ్రులిద్దరినుండి వచ్చిన బిడ్డకు జబ్బు వస్తుంది. ఏ ఆచారమూ, ఏ ఆహారమూ ఆ జన్యువును మార్చలేదు. దీని నిర్మూలనకు కేంద్రప్రభుత్వం 2023 జూలైలో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది.

అయితే ఇక్కడ కూడా ఒక సంగతి గమనించదగినది. ఒకరినుండి మాత్రమే ఆ జన్యువు పొందినవారికి మలేరియా నుండి కొంత రక్షణ ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో అడవి నరికి సేద్యం మొదలుపెట్టినచోట నీరు నిలిచి, దోమలు పెరిగి, మలేరియా బలపడి, ఈ జన్యువు వ్యాపించిందని ఫ్రాంక్ లివింగ్‌స్టన్ 1958లో వివరించాడు. మలేరియా ఒత్తిడి ఈ జన్యువును నిలిపింది. సేద్యం ఆ మలేరియాను పెంచింది. ఒకే గుంపులోపలి పెండ్లిళ్ళు దానిని ఆ గుంపులో నిలుపుతాయి. కాబట్టి ప్రకృతి, సంఘం రెండు విడి గదులు కావు. ఒకదాని తలుపు మరొకదానిలోకి తెరచుకొంటుంది. మూడు శాస్త్రాలు కలిసి చూడాలన్న మోస్ సలహా ఇక్కడ పూర్తిగా సరియైనది.

తుది మాట

మోస్ వ్యాసంలోని గొప్పదనం, ప్రకృతి అనుకొన్నదానిలో చదువును చూపించడం. లోపం, ఆ చదువును ఎవరు ఎవరిచేత, ఏ ధరకు చదివిస్తున్నారని అడగకపోవడం. పెంబర్తి పనివాని పాదమూ, గీత కార్మికుని పిక్కా సంఘం ఇచ్చిన సంపదలు. గని కార్మికుని ఊపిరితిత్తి, తండా బిడ్డ తక్కువ ఎత్తు, ముహూర్తపు కోత సంఘం చేసిన గాయాలు. రెండింటినీ "సంస్కృతి ప్రభావం" అనే ఒకే పేరుతో పిలిస్తే గాయం కూడా ఆచారంవలె గౌరవం పొందుతుంది. రెండింటినీ "ప్రకృతి" అంటే ఎవరూ చికిత్స వెదకరు.

సైన్సు ఉపాధ్యాయులు ఈ విచక్షణను తరగతిలో సులభంగా నేర్పవచ్చు. పిల్లలను వారి ఇండ్లలో మూడు తరాలవారు మడమలు నేలకానించి ఎంతసేపు గొంతుక్కూర్చోగలరో గడియారంతో కొలిచి, వారి వృత్తితో కలిపి పట్టిక వేయమనవచ్చు. పట్టిక తయారైన తరువాత ప్రతి తేడాకూ మూడు ప్రశ్నలు వేయించాలి. ఇది పుట్టుకతో వచ్చినదా? నేర్చుకొన్నదా? లేక నెత్తిన పడినదా? గోడమీది పటంలోని పేరులేని మనిషికి ఆనాడు ఒక ఊరు, ఒక పని, ఒక కంచం దొరుకుతాయి.